తలంటి పోశాక ఆ నిద్రెందుకు?

దీపావళి తెల్లవారుజాము. చీకటింకా వదల్లేదు. పిల్లల్ని వరసగా పీటల మీద కూర్చోబెట్టి, నువ్వుల నూనె గిన్నె పక్కన పెట్టుకుని నాయనమ్మ మొదలుపెడుతుంది. మాడు మీద అరచేత్తో టపటపా తట్టి, వీపు రుద్ది, కాళ్లూ చేతులూ సాగదీసి, ఆపైన సున్నిపిండి, కుంకుడుకాయ రసం, పొగలు కక్కే వేణ్నీళ్లు. కళ్లు మండుతున్నాయని వీధంతా వినపడేలా ఏడ్చినవాడు కూడా సాంబ్రాణి పొగ పట్టించేసరికి మెత్తబడిపోతాడు. ఇంత తిని, ఓ మూల ముడుచుకుని నిద్రపోతాడు. పెద్దవాళ్లకైనా అంతే. తలంటుకున్న రోజు ఆకలెక్కువ, నిద్రెక్కువ, కోపం తక్కువ!

ఇది నూనె మహిమా, వేణ్నీళ్ల మహిమా, నాయనమ్మ చేతి మహిమా?

వేణ్నీళ్ల సంగతి ముందు చూస్తే, అందులో పెద్ద రహస్యమేం లేదు. వేడి తగలగానే చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి. రక్తం చర్మం వైపు పరుగెడుతుంది. స్నానం అయ్యాక ఆ దారినే ఒంట్లో వేడి బయటికి పోతుంది. లోపలి వేడి కాస్త తగ్గడమే మెదడుకి నిద్ర కబురు. పడుకోవడానికి గంటా రెండు గంటల ముందు 40 నుంచి 42.5 డిగ్రీల వేడి నీళ్లతో స్నానం చేస్తే సగటున ఓ పది నిమిషాలు ముందే నిద్రపడుతుందని, పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో తేల్చారు. నూనె పని ఇంకా చిన్నది. చేయి జారేలా చేస్తుంది, చర్మం ఎండిపోకుండా కాపాడుతుంది. అసలు కథంతా చేతిలోనే ఉంది.

చర్మం ఒట్టి తోలు కాదు. ఒత్తిడినీ సాగదీతనూ కనిపెట్టే ప్రత్యేకమైన ప్రొటీన్లు నరాల కొసల్లో ఉంటాయి. వాటిని పట్టుకున్నందుకే ఆర్డెమ్ పటపూటియన్‌కి 2021లో నోబెల్ వచ్చింది. వేడిని గుర్తించే ప్రొటీన్ సంగతి తేల్చిన డేవిడ్ జూలియస్‌తో ఆయన ఆ బహుమతి పంచుకున్నారు. ఇవి కాక ఇంకో రకం నరాలున్నాయి. సన్నవి, బద్ధకస్తులు. దోమ కుట్టిందనో ముల్లు గుచ్చుకుందనో చెప్పడం వీటి పని కాదు. వెచ్చని చేయి మెల్లగా నిమిరితేనే ఇవి బాగా పలుకుతాయి. ఎంత మెల్లగా అంటే, సెకనుకి ఒకటి నుంచి పది సెంటీమీటర్లు. అంతకన్నా వేగంగా రుద్దినా, చేయి కదపకుండా పెట్టి ఊరుకున్నా ఇవి అంతగా స్పందించవు. వీటి కబురు వెళ్లేది కూడా మెదడులో భావోద్వేగాలను చూసుకునే చోటికే. నిద్రపోని పసిపిల్లను ఒళ్లో వేసుకుని తల్లి నిమిరే వేగం కొలిస్తే దాదాపు ఇదే లెక్కకొస్తుంది. స్టాప్‌వాచ్ పెట్టి ఆమెకెవరూ నేర్పలేదు.

అలాగని మరీ గాలిలా తాకితే గిలిగింత పుడుతుంది తప్ప ఒళ్లు వదులవదు. ఓ మోస్తరు ఒత్తిడి ఉండాలి. అప్పుడు గుండె నిదానిస్తుంది, బీపీ కాస్త దిగుతుంది, ఊపిరి లోతవుతుంది. మర్దన అయ్యీ అవగానే గబుక్కున లేస్తే కళ్లు తిరిగేది అందుకే. బీపీ మాత్రలు వాడేవాళ్లు ఓ ఐదు నిమిషాలు కూర్చుని మరీ లేవాలి.

ఇక మనసు సంగతి. 2004లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రజ్ఞులు 37 అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కలు తీశారు. ఒక్కసారి మర్దన చేయించుకుంటే ఆ పూటకి ఆందోళన తగ్గుతుంది. కొన్ని వారాలపాటు మళ్లీ మళ్లీ చేయించుకుంటే, ఎప్పుడూ ఆందోళనగా ఉండే స్వభావం, దిగులు కూడా తగ్గుతున్నాయి. ఆ తగ్గుదల మానసిక వైద్యుల దగ్గర మాటల చికిత్సతో వచ్చే దానికి దగ్గరగా ఉందని చూసి వాళ్లే ఆశ్చర్యపోయారు. (దిగులు ముదిరినవాళ్లు మందులు మానేసి నూనె గిన్నె పట్టుకోమని దీనర్థం కాదు.) కొందరికైతే మర్దన మధ్యలోనో, అయ్యాకనో కారణం లేకుండా ఏడుపొస్తుంది. భయపడాల్సిందేం లేదు. బిగబట్టుకున్న ఒళ్లు వదులైనప్పుడు మనసూ పట్టు వదలడం మామూలే.

ఇక్కడే కొన్ని అపోహలు కూడా వదిలించుకోవాలి. 'మసాజ్‌తో ఒంట్లో విషాలన్నీ బయటికి పోతాయి, అందుకే తర్వాత లీటర్ల కొద్దీ నీళ్లు తాగాలి' అని పార్లర్లలో చెబుతుంటారు. ఒంట్లో చెత్తను ఊడ్చే పని కాలేయానిదీ కిడ్నీలదీ. వాటికి మర్దనతో పని లేదు. దాహమేస్తే తాగండి, అంతే. 'ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ పడిపోతుంది' అన్నది ఇంకో ప్రచారం. లెక్కలు సరిగ్గా తీసి చూస్తే ఆ తగ్గుదల బహు స్వల్పం. మనసు తేలికపడటం నిజమే, దానికి చెప్పే కారణమే తప్పు. వ్యాయామం చేశాక కండరాల్లో పేరుకున్న లాక్టిక్ ఆమ్లాన్ని మర్దన పిండేస్తుందన్నదీ అంతే. 2012లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో పదకొండు మంది కుర్రాళ్లతో ఒళ్లు హూనమయ్యేలా సైకిల్ తొక్కించి, ఒక కాలికి మాత్రమే పది నిమిషాలు మర్దన చేయించారు. తర్వాత రెండు కాళ్ల నుంచీ చిన్న కండముక్కలు తీసి చూశారు. లాక్టిక్ ఆమ్లంలో తేడా లేదు. కానీ మర్దన చేసిన కాలిలో వాపు పుట్టించే సంకేతాలు తగ్గాయి. కండకణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాను పెంచే సంకేతాలు కనపడ్డాయి. రైతుకూలీలు రాత్రి పడుకునే ముందు పిక్కలు పట్టించుకోవడం ఉత్త మనశ్శాంతికే కాదన్నమాట. అయితే మరీ గట్టిగా పిసికితే మర్నాడు ఒళ్లు నొప్పులు తప్పవు. 'నొప్పి పుడితేనే పనిచేసినట్టు' అనుకునే బాపతు మనలో ఎక్కువ. కానీ సున్నం కొట్టించుకున్న గోడలా మంచాన పడటం మసాజ్ గొప్పతనమేం కాదు.

నడుంనొప్పి వాళ్లకి ఒక శుభవార్త, దాని వెంటే ఒక చేదు వార్త. అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో దీర్ఘకాలంగా నడుంనొప్పి ఉన్న 401 మందిపై చేసిన అధ్యయనం 2011లో వచ్చింది. వారానికోసారి చొప్పున పది వారాలు మర్దన చేయించుకున్నవాళ్లు, మామూలు వైద్యం మాత్రమే తీసుకున్నవాళ్లకన్నా మెరుగయ్యారు. ఎముకలూ కండరాల లెక్కలు చూసి చేసిన మర్దనకీ, ఊరికే హాయి కోసం చేసిన మర్దనకీ తేడా మాత్రం లేదు! ఆరు నెలల దాకా ఉన్న ఆ మేలు ఏడాది తిరిగేసరికి చాలావరకు కరిగిపోయింది.

అంటే, మర్దనతో వచ్చే హాయి నిల్వ ఉండే సరుకు కాదు. పండక్కో పబ్బానికో వేలు పోసి స్పాలో గంటసేపు పడుకుని వస్తే ఆ పూట బాగానే ఉంటుంది. వారం తిరిగేసరికి మెడ మళ్లీ కంప్యూటర్ ముందు మొద్దుబారిపోతుంది. 2024లో జర్మనీ, నెదర్లాండ్స్ పరిశోధకులు స్పర్శ మీద వచ్చిన 212 అధ్యయనాలను, దాదాపు 13 వేల మంది వివరాలను పరిశీలించారు. నొప్పి, దిగులు, ఆందోళన మూడింటికీ స్పర్శ మేలు చేస్తోంది. అయితే ఎంతసేపు అన్నదానికన్నా ఎన్నిసార్లు అన్నదే ముఖ్యం. తల, ముఖం మీద తాకితే ఫలితం ఇంకా బాగుంది. యంత్రాలు, మెత్తటి బొమ్మలు కూడా ఒంటికి కాస్త పనిచేశాయి కానీ మనసు విషయంలో మనిషి చేయి ముందు నిలవలేదు. మసాజ్ కుర్చీకి లక్షలు పెట్టేవాళ్లు ఇది గమనించాలి.

తలకూ పాదాలకూ మన పెద్దలు ఎప్పుడో పెద్దపీట వేశారు. రోజూ అభ్యంగనం చేయాలనీ, తల, చెవులు, పాదాలను అసలు మరవద్దనీ అష్టాంగ హృదయంలో వాగ్భటుడు రాశాడు. కఫం చేసినవాళ్లకీ, అజీర్తితో ఉన్నవాళ్లకీ వద్దన్నది కూడా ఆయనే. 'షాంపూ' అన్న మాటే తల మర్దనకి చెప్పే హిందీ మాట 'చంపీ' వైపు నుంచి ఇంగ్లిషులోకి వెళ్లింది. పట్నాలో 1759లో పుట్టిన షేక్ దీన్ మొహమ్మద్ ఇంగ్లాండ్‌లోని బ్రైటన్‌లో స్నానశాల పెట్టి, ఇద్దరు రాజులకు 'షాంపూయింగ్ సర్జన్' అనిపించుకున్నాడు. 'ప్యాసా' (1957)లో జానీ వాకర్ నూనె సీసాతో తిరిగే వృత్తికి అంత ఘన చరిత్ర ఉంది మరి!

ఇంట్లో ఈ స్పర్శ ఎవరికి అందుతోందన్నది అసలు ప్రశ్న. పసిపిల్లలకు ఇబ్బంది లేదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు రోజుకు మూడుసార్లు, పదిహేను నిమిషాల చొప్పున పది రోజులు ఒళ్లు నిమిరితే, మామూలుగా ఉంచిన పిల్లలకన్నా 47 శాతం ఎక్కువ బరువు పెరిగారని, ఆరు రోజులు ముందే ఇంటికెళ్లారని అమెరికాలో టిఫనీ ఫీల్డ్ బృందం 1986లో ప్రకటించింది. తర్వాతి అధ్యయనాలన్నీ అంత పెద్ద తేడా చూపలేదు కానీ మేలైతే ఉంది. ఆ బృందమే 1998లో ఇంకో చిన్న అధ్యయనం చేసింది. పెద్దవయసు వాళ్లు తాము మర్దన చేయించుకున్నప్పటికన్నా, పసిపిల్లలకు చేసినప్పుడే వాళ్ల దిగులూ ఆందోళనా ఎక్కువ తగ్గాయట. మనవడికి నలుగు పెడుతూ అమ్మమ్మ ఎందుకంత హుషారుగా ఉంటుందో ఇప్పుడర్థమవుతోంది కదా.

ఆ మనవడు పెద్దవాడవుతాడు. తలుపేసుకుని తానే స్నానం చేస్తాడు. కొడుకు డల్లాస్‌లో, కూతురు బెంగళూరులో. ఎనభై దాటిన మనిషిని రోజు మొత్తంలో ఎవరైనా తాకేదెప్పుడు? బీపీ పట్టీ చుట్టడానికి, షుగర్ పరీక్షకి వేలు గుచ్చడానికి, రెక్క పట్టుకుని బాత్రూమ్ దాకా నడిపించడానికి. అంతే. ఫోన్లో రోజూ ముఖం చూపించే పిల్లలున్నా, కాళ్లు పట్టేవాళ్లుండరు. తెలుగులో 'కాళ్లు పట్టుకోవడం' అవసరం కొద్దీ. 'కాళ్లు పట్టడం' చనువు కొద్దీ. సెలవులకొచ్చిన మనవడు "తాతయ్యా, కాళ్లు పట్టనా?" అంటే "నాకెందుకురా, వెళ్లి పడుకో" అనే అంటారు. రెండోసారి అడిగితే మంచం మీద కాస్త పక్కకి జరిగి చోటిస్తారు.

చేసేముందు కొన్ని చూసుకోవాలి. ఒకే కాలి పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే ముట్టుకోవద్దు. నరంలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, అది కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణాపాయం. డాక్టరుకి చూపించాలి. షుగరుతో పాదాలు మొద్దుబారిన వాళ్లకి నూనె వేడి చేసి పెట్టకూడదు, కాలినా తెలియదు. పుండ్లూ పగుళ్లూ ఉంటే అక్కడ వదిలేయాలి. సెలూన్‌లో 'టక్' మనేలా మెడ విరిపించుకునే సరదా మానుకోవాలి. మెడలో మెదడుకెళ్లే రక్తనాళం చిట్లే ప్రమాదముంది. పార్లర్‌లో మెడ వెనక్కి వాల్చి తల కడిగించుకున్నవాళ్లకి పక్షవాతం వచ్చిన సంగతి 1993లోనే అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. 2022లో హైదరాబాద్‌లోనూ అలాంటి కేసు వార్తల్లోకెక్కింది. పసివాళ్ల ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం, కాళ్లు పట్టి తలకిందులుగా ఊపడం ఎంత పాత అలవాటైనా వద్దే వద్దు.

పాదాల మర్దనకి నువ్వుల నూనె రెండు చెంచాలు చాలు. పెద్దాయన పడుకునే ముందు, ఒక్కో పాదానికి ఐదు నిమిషాలు. మడమ నుంచి వేళ్ల దాకా బొటనవేలితో నెమ్మదిగా ఒత్తుకుంటూ రావాలి. "గట్టిగా ఉందా?" అని మధ్యలో అడగాలి. అయ్యాక పాత పంచెగుడ్డతో అరికాళ్లు, వేళ్ల సందులు జిడ్డు లేకుండా తుడవాలి. రాత్రి ఏ రెండింటికో లేచి నూనె కాళ్లతో గచ్చు మీద అడుగేస్తే జారి పడతారు.