చుట్లు లెక్కపెట్టిన చేతులు

అయస్కాంత క్షేత్రంలో ఉన్న తీగచుట్టలో కరెంటు పారితే దాని మీద టార్క్ పనిచేస్తుంది. ఇంటర్ రెండో సంవత్సరం చదివే మా హాస్టల్ మిత్రుల్ని నిద్రలో లేపి అడిగినా సూత్రం చెప్పేస్తారు. చుట్ల సంఖ్య, కరెంటు, వైశాల్యం, అయస్కాంత క్షేత్రం, సైన్ తీటా, అన్నీ గుణించాలి. ఆ తీటా దేనికీ దేనికీ మధ్య కోణం అంటే మాత్రం చాలామంది నోరు మెదపరు. (చుట్ట తలానికి గీసిన లంబానికీ, క్షేత్రానికీ మధ్య. బిట్లలో మార్కు పోయేది ఇక్కడే.)

ఇది తెలివి తక్కువై కాదని మా అభిప్రాయం. తిరిగే చుట్టను ఒక్కసారైనా కళ్లతో చూడనివ్వకుండా సూత్రం అప్పజెప్పమంటే ఎవరికైనా మిగిలేది బట్టీయే. గాల్వనామీటరు ముల్లును కదిలించేది కూడా ఈ టార్కే. కానీ గాల్వనామీటరు బీరువాలో ఉంటుంది, బీరువాకు తాళం ఉంటుంది. ప్రాక్టికల్ రికార్డు మాత్రం నిరుడు రాసిన అన్నయ్యల దగ్గర నుంచి చేతులు మారుతూ వస్తుంది.

ఇంకో సంగతి. మాలో కొందరం వేసవి సెలవుల్లో మోటారు వైండింగ్ షాపుల్లో పనిచేస్తాం. కాలిపోయిన మోటారు వస్తే పాత తీగ తీసి, చుట్లు లెక్కపెట్టి, గేజి చూసి, మళ్లీ అన్నే చుట్లు వేయాలి. తక్కువ పడితే మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. బోరు మోటారు ఇండక్షన్ మోటారు, అందులో శాశ్వత అయస్కాంతం ఉండదు. అయినా దాన్ని తిప్పేది కరెంటు పారే కడ్డీల మీద అయస్కాంత క్షేత్రం చూపే బలమే. ఇంత పని చేతులతో చేసిన కుర్రాడిని తరగతిలో ‘ఫిజిక్స్‌లో వీక్’ అంటుంటే మాకు మింగుడు పడదు. 1821లో లండన్‌లో కరెంటు పారే తీగను అయస్కాంతం చుట్టూ తిప్పి చూపిన ఫారడే కూడా కమ్మరి కొడుకే, పుస్తకాల బైండింగ్ పని నేర్చినవాడే.

ఈ పాఠానికి పెద్ద ల్యాబు అక్కర్లేదు. పాత స్పీకరు అయస్కాంతం, ఒకటిన్నర వోల్టుల సెల్లు, రెండు పిన్నీసులు, షాపులో మిగిలిన ఎనామిల్ తీగ చాలు. 3 సెంటీమీటర్ల వ్యాసంతో 20 చుట్లు చుట్టి, రెండు కొసలనూ ఇరుసులా బయటికి తీసి పిన్నీసుల కన్నాల్లో పెట్టాలి. అయస్కాంతం కింద ఉండాలి. రెండు కొసలనూ పూర్తిగా గీకితే చుట్ట కాసేపు ఊగి, అడ్డంగా పడుకొని ఆగిపోతుంది. ఆ స్థితి దాటగానే టార్క్ వెనక్కి లాగుతుంది కాబట్టి. చుట్టను నిలువుగా పట్టుకొని ఒక కొసలో పైసగమే గీకి చూడండి. వెనక్కి లాగే సగంలో కరెంటు ఆగిపోతుంది, చుట్ట తన వేగంతోనే ఆ సగం దాటేస్తుంది, తిరుగుతూనే ఉంటుంది. కమ్యుటేటర్ ఎందుకో అప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు. (సెల్లు త్వరగా వేడెక్కుతుంది, ఎక్కువసేపు కలిపి ఉంచకండి.)

లెక్క కూడా వేయాలి. కరెంటు 1 ఆంపియర్, క్షేత్రం 0.05 టెస్లా అనుకుంటే గరిష్ఠ టార్క్ సుమారు 0.0007 న్యూటన్ మీటర్లు. అంటే ఇరుసుకు 7 సెంటీమీటర్ల దూరంలో ఒక గ్రాము బరువు వేలాడదీసినంత. అంత కొంచెమే అయినా చుట్ట గిర్రున తిరగడానికి సరిపోతుంది.

అందుకే మా విన్నపం రెండు మాటలు. వారానికి ఒక సాయంత్రం స్టడీ అవర్‌ను చేతిపనికి వదలాలి, బీరువా తాళం ఆ గంటసేపైనా తీయాలి. ఏటా వార్షికోత్సవానికి పెన్నులు, పరీక్ష అట్టలు తెచ్చే పూర్వ విద్యార్థి అన్నలూ అక్కలూ ఈసారి పాడైపోయిన స్పీకర్లు, పనికిరాని బొమ్మకార్లు ఉంటే అవి కూడా పట్టుకొని రావాలి. వైండింగ్ పని వచ్చిన అన్నలు తీగతో పాటు ఒక పూట సమయం కూడా తెస్తే మరీ మంచిది.