కంచికి వెళ్లని కథ

పరగడుపున రక్తం ఇచ్చి, ఎదురుగా ఉన్న బండి దగ్గర ఇడ్లీ తిని, మళ్లీ వచ్చి రెండు గంటలు ల్యాబు బెంచీ మీద కూర్చోవడం షుగరు ఉన్నవాళ్లందరికీ తెలిసిన తతంగమే. తొమ్మిదేళ్లుగా నాదీ అదే వరస. ఈ జబ్బు గురించి నాకు తెలిసినదాంట్లో సగం ఆ బెంచీ మీద తెలిసిందే. డాక్టరుగారి గదిలో మనకు దక్కేది మూడు నిమిషాలు. అన్నం తగ్గించండి, నడవండి, ఉప్పు మానండి అన్న జాబితా వినడానికే అవి చాలవు.

మొన్న ఒక పెద్దావిడ బెంచీ మీద చెప్పుకొచ్చింది. మనవరాలి పెళ్లి హడావిడిలో ఇరవై రోజులు మాత్రలు వేసుకోలేదట. "ఒళ్లు తేలిగ్గానే ఉంది గదా, ఏమవుతుందిలే అనుకున్నా. పెళ్లయిన నాలుగో రోజు కాలికి గాజుపెంకు గుచ్చుకుంటే నాకు తెలియనే లేదు బాబూ. గచ్చు మీద నెత్తురు చూసి మా కోడలు కేకేసింది. పాదాలకు ఎప్పుడో స్పర్శ పోయిందని డాక్టరు అప్పుడు చెప్పాడు." పక్కనున్న కుర్రాడు మెల్లగా చెప్పు విడిచి, పాదం పైకెత్తి వేళ్ల సందులు చూసుకున్నాడు. ఎదురుగోడ మీద పాదాల సంరక్షణ పోస్టరు ఏళ్లుగా వేలాడుతోంది. దాన్ని చూసి చెప్పు విడిచినవాళ్లను నేనింతవరకూ చూడలేదు.

అమెరికాలో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో రోగి కథకున్న ఈ బలాన్ని లెక్కకట్టి చూశారు. పేదలు వెళ్లే ఒక ఆసుపత్రిలో బీపీ ఉన్న 299 మంది నల్లజాతి రోగులను రెండు జట్లు చేశారు. తమలాంటి బీపీ రోగులే తమ కథలు చెప్పుకున్న డీవీడీలు ఒక జట్టుకిచ్చారు. రెండో జట్టుకిచ్చినవి బీపీ ఊసెత్తని ఆరోగ్య సలహాలు. ఫలితాలు 2011లో అచ్చయ్యాయి. బీపీ అదుపులో లేనివాళ్లలో, మూడు నెలలకు, కథలు చూసినవాళ్లకు పై అంకె రెండో జట్టు కన్నా 11 పాయింట్లు ఎక్కువ తగ్గింది. ఒక మాత్ర చేసే పనికి ఇది తీసిపోదు. ఆ తర్వాత రెండు జట్లలోనూ బీపీ మళ్లీ పెరిగింది గానీ తేడా మాత్రం తొమ్మిది నెలల దాకా నిలిచింది. ముందునుంచీ బీపీ అదుపులో ఉన్నవాళ్లకు చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. అవసరం లేనివాడికి కథ కాలక్షేపమే కాబోలు.

అది అలబామాలో జరగడం ఊరికే కాదనిపిస్తుంది నాకు. సిఫిలిస్ ఉన్న దాదాపు 400 మంది నల్లజాతివాళ్లకు వైద్యం అందనివ్వకుండా, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ వైద్యులు నోట్సు రాసుకున్న టస్కెగీ ఆ రాష్ట్రంలోనే ఉంది. అలాంటిచోట తెల్లకోటు చెప్పేదాని కన్నా పక్కవీధి మనిషి చెప్పేదే చెవికెక్కుతుంది. మన భయాలు వేరు. బిళ్ల మొదలెడితే చచ్చేదాకా మింగాలి, ఇన్సులిన్ దాకా వచ్చిందంటే ఇక అయిపోయినట్టే. ఇవి డాక్టరు ముందు ఎవరూ అనరు. బుర్రకథలో హాస్యం చెప్పే వంతగాడు ఉంటాడు చూడండి, జనం నోట్లో నానుతున్న వెర్రి ప్రశ్నను కథకుణ్ణి అడిగేది అతనే. ఆసుపత్రిలో ఆ వంతగాడు లేడు. కుటుంబ నియంత్రణ గురించి ఊరూరా బుర్రకథ చెప్పించిన మనం, పది కోట్ల మందికి పైగా షుగరు ఉందని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చాక కూడా కరపత్రం చేతిలో పెట్టి పంపేస్తున్నాం.

కథకున్న బలం బాగా తెలిసినవాళ్లు వేరే ఉన్నారు. పొద్దున్నే టీవీ పెడితే, నెలరోజుల్లో షుగరు మాయమైంది, మాత్రలన్నీ చెత్తబుట్టలో పడేశానని చెప్పే మనిషి కనిపిస్తాడు. అతనిదీ రోగి కథే మరి! ఏది నమ్మాలి? నా మటుకు నాకు ముగింపే గుర్తు. వాళ్ల కథ ఇట్టే కంచికి పోతుంది. అసలు షుగరు కథ పోదు. మాత్ర మర్చిపోతాం, మళ్లీ మొదలెడతాం, ఉగాదికి బొబ్బట్టు తింటాం, మర్నాడు రెండు చుట్లు ఎక్కువ నడుస్తాం. తడబాటు లేని కథ ఎవరు చెప్పినా నేను జేబు తడుముకుంటాను.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగరు చూసే రోజున ఆ ఊరి రోగినే ఒకరిని పది నిమిషాలు మాట్లాడనివ్వండి. తప్పు చెబితే దిద్దడానికి ఏఎన్ఎం పక్కనే ఉంటుంది. బర్మింగ్‌హామ్ కథలు కూడా ఏరి కూర్చినవే. పైసా ఖర్చు లేని పని, ఎటూ వరసలో కూర్చునేవాళ్లు కూర్చునే ఉంటారు.

ఇక మీరు. ఈసారి ల్యాబు బెంచీ మీద మాటలు కలిసినప్పుడు, మాత్రలు ఎగ్గొట్టిన రోజుల సంగతి దాచకండి. పక్కన కుర్రాడు వింటుంటాడు.