అడ్డపొగ వింత ఆచారం కాదు

సంపాదకుల వారికి,

గత ఆదివారం అనుబంధంలో అచ్చయిన అడ్డపొగ వ్యాసం, శ్రీకాకుళం తీరంలో చుట్ట నిప్పుకొనను నోటి లోపల ఉంచుకొని పీల్చే అవ్వలను సంతలో వింతల్లా నిలబెట్టి, వారి అలవాటుకు చదువులేమి ఒక్కటే కారణమని రెండు వాక్యాల్లో తేల్చేసింది. నిప్పుసెగకు అంగిలి తెల్లబడి, పుండై, చివరకు క్యాన్సరుగా మారవచ్చని వ్యాసకర్తకు తెలిసినందుకు సంతోషమే. తెలియనిదల్లా ఆ చుట్ట ఏ రోజున, ఎందుకు మొదలైందన్నది.

ఈ లేఖకురాలి మేనత్త చుట్ట పట్టింది నలభయ్యో ఏట, పడవ తిరగబడిన మూడోనాడు భర్త శవం ఒడ్డుకు కొట్టుకువచ్చిన వారంలో. "నిదర పట్టదమ్మా, ఇదెట్టుకుంటే తెల్లారిపోద్ది" అనేది. ఏళ్ల తరువాత అంగిలి పుండుతో ఒక పట్టణ ఆసుపత్రికి వెళితే, రోజుకెన్ని కాలుస్తావని అడిగిన వైద్యుడు ఎందుకని అడగలేదు సరికదా, "ఆడదానివై ఉండి!" అంటూ విద్యార్థుల ముందు నోరు తెరిపించి వారిని నవ్వించాడు. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకొని బయటికి వచ్చి, ఆ మెట్ల మీదే చుట్ట వెలిగించింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

వేదనలో పొగను ఆశ్రయించడం ఒక్క ఇంటి గొడవ కాదు. 1995-97లో అమెరికాలోని శాన్‌డియాగోలో ఫెలిట్టి, ఆండా అనే వైద్యులు 17,000 మందికి పైగా వ్యక్తులపై జరిపిన అధ్యయనంలో, బాల్యంలో హింస, నిరాదరణ వంటి అనుభవాలు పెరిగేకొద్దీ పొగతాగే అలవాటూ పెరిగినట్లు తేలింది. పొగాకులోని నికోటిన్ క్షణాల్లో మెదడును చేరి ఊరటనిస్తుంది. దాని ప్రభావం దిగగానే పుట్టే దడను పాత దిగులే అనుకొని మనిషి మళ్లీ వెలిగిస్తుంది. తల్లిని చూసి నేర్చినవారూ ఉన్నారు, కాదనలేం. అయితే అందరినీ ఆ గాటనే కట్టడం న్యాయం కాదు.

అన్నట్టు, ఇంత నీతి బోధించిన సంచిక చివరి పేజీ నిండా పాన్‌మసాలా పొట్లం పట్టుకొని నవ్విన కథానాయకుడెవరో పాఠకులు మరిచిపోలేదు. అవ్వ చుట్ట అజ్ఞానమూ, ఆయన పొట్లం ఆదాయమూ కాబోలు!

మానసిక వేదనకు ఉచితంగా ఫోనులో సలహా చెప్పే ప్రభుత్వ సేవ టెలిమానస్ సంఖ్య 14416 ఆ వ్యాసంలో ఎక్కడా లేదు. వచ్చే ఆదివారం దానిని, ఆ పొట్లం అచ్చయిన చోటనే, అంతే పెద్ద అక్షరాల్లో వేయవలసిందిగా మనవి.

— ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా