బీరుకు ఇంటి మర్యాద

ఈ సంచికలో పాత బీరు ప్రకటనలు చూసి కొందరు ముక్కున వేలేసుకోవచ్చు. ముందు ఈ బొమ్మలోకి తొంగిచూడండి. పెరట్లో మాంసం కాలుతోంది, చుట్టాలు కుర్చీలు లాక్కుంటున్నారు, గ్లాసులు బల్లమీద ఓ పక్కన బుద్ధిగా ఉన్నాయి. ఏ కంపెనీ పేరూ లేదు! 1933లో మద్యనిషేధం ఎత్తేసినా అమెరికాలో బీరును సారాకొట్టు చెడ్డపేరే వెన్నాడింది. అది పోగొట్టి నట్టింట్లోకి తేవాలని బీరు తయారీదారుల సంఘం 1945 నుంచి 1956 దాకా పత్రికల్లో ఇలాంటి గృహదృశ్యాలు వేయించింది. డగ్లస్ క్రాక్‌వెల్ వంటి పేరున్న చిత్రకారులు గీశారు. తాగి తూలేవాడు మచ్చుకైనా కనబడడు. అబద్ధమే, కానీ ఎంత ముచ్చటైన అబద్ధం! పైగా బొమ్మలకు వరస సంఖ్యలు కూడా వేశారు, కత్తిరించి దాచుకునేవాళ్లకు అదో సదుపాయం.

— సంపాదకుడు