సున్నిత స్వభావం: లోపమా? ప్రకృతియా?

పెళ్ళివారింట బాజాల మోత మొదలుకాగానే చెవులు మూసుకొని పెరటిలోనికి పోయే పిల్లవాడిని చూసి బంధువులు నవ్వుతారు. "మగపిల్లవాడివై ఉండి ఇంత పిరికితనమేమిటిరా?" అంటారు. మా రెండవ కుమారుడు చిన్నతనంలో అటువంటివాడే. చొక్కా మెడ వెనుక కుట్టిన గుడ్డముక్క గుచ్చుకుంటున్నదని ఏడ్చేవాడు. నేను ఎవరిని మందలించినా తననే తిట్టినట్లు వాడి ముఖం వాడిపోయేది. వాడికి ధైర్యం నేర్పాలని ఒక దీపావళినాడు చేయి పట్టుకొని టపాకాయల నడుమ నిలబెట్టాను. ఆ రాత్రి వాడు నిద్రపోలేదు. భయం తగ్గకపోగా, కొంతకాలం నా చేయి పట్టుకోవడమే మానివేశాడు. ఆ తప్పును ఒప్పుకొంటూనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎలైన్ ఏరన్ ఇటువంటి స్వభావాన్ని గురించి 1996లో ఒక గ్రంథం ప్రచురించారు. మరుసటి సంవత్సరం తన భర్త ఆర్థర్ ఏరన్‌తో కలిసి, దానిని గుర్తించుటకు 27 అంశాల కొలమానాన్ని ప్రకటించారు. చూచినదానిని, విన్నదానిని లోతుగా ఆలోచించడం, సూక్ష్మమైన మార్పులను పసిగట్టడం, ఇతరుల సుఖదుఃఖాలకు తొందరగా చలించడం, సందడి మితిమీరితే అలసిపోవడం ఈ స్వభావపు ముఖ్య లక్షణాలు. నూటికి 15 నుంచి 20 మంది ఇటువంటివారనీ, ఇందులో స్త్రీపురుష భేదం లేదనీ ఆమె అంచనా. ఇది పుట్టుకతో వచ్చే స్వభావమే గాని వ్యాధి కాదని ఆమె స్పష్టం చేశారు.

మన శాస్త్రం ఈ విషయంలో ఏమంటున్నది? కొందరు ఇటువంటివారిని చూడగానే 'అవర సత్త్వులు', అనగా మనోబలం తక్కువైనవారు అని తేల్చివేస్తారు. ఇది తొందరపాటని నా అభిప్రాయం. చరక సంహిత విమానస్థానంలో రోగిని పరీక్షించవలసిన పది విషయాలు చెప్పబడ్డాయి. అందులో ప్రకృతి వేరు, సత్త్వం వేరు. దేహం భారీగా ఉన్నప్పటికీ స్వల్ప బాధను సైతం ఓర్వలేనివారు అవర సత్త్వులని అక్కడే ఉన్నది. అంటే బాధ కలిగినప్పుడు నిలబడగలిగే శక్తి ఎంత అన్నదే సత్త్వ పరీక్ష. తొందరగా గ్రహించడం ఒకటి, తట్టుకొనలేకపోవడం మరొకటి.

ఈ భేదం నాకు మా ఇంటిలోనే తెలిసివచ్చింది. మా తల్లిగారి కాలికి షుగరు వలన పుండు పడినప్పుడు, ధైర్యవంతులమనుకొన్న మేమెవ్వరమూ కట్టు విప్పి చూడలేకపోయాము. నెలల తరబడి ప్రతి ఉదయం కట్టు మార్చినది టపాకాయలకు బెదిరిన ఆ కుమారుడే. నాయనమ్మ నోరు విప్పకముందే ఎక్కడ నొప్పి పుడుతుందో గ్రహించి చేయి తేలిక చేసేవాడు. అటువంటివానికి మనోబలం లేదని ఎవరనగలరు?

చరకుడు రోగకారణాలను మూడుగా చెప్పాడు. అందులో ఇంద్రియాలకు వాటి విషయాలతో సరిపడని సంయోగం ఒకటి. చెవికి శబ్దం, కంటికి వెలుగు మితిమీరడం అతియోగం. అందరికీ ఒకే కొలత వర్తించదు. ఒకరికి మితమైన శబ్దం మరొకరికి అతియోగం కావచ్చును. కనుక ఇక్కడ మార్చవలసినది మనిషిని కాదు, మోతాదును.

గృహస్థులు చేయదగినవి కష్టమైనవి కావు. టీవీ మోత తగ్గించండి. పెళ్ళి నుంచి గాని, ప్రయాణం నుంచి గాని వచ్చినవెంటనే ప్రశ్నలతో ముంచెత్తక, అరగంటసేపు నిశ్శబ్దంగా ఉన్న గదిలో విశ్రమించనివ్వండి. వేళకు భోజనం పెట్టండి. కాఫీ వీరిని త్వరగా కలవరపెడుతుంది. సాయంత్రం వేళ మానడం మేలు. స్పర్శేంద్రియంలో వాయువు అధికమనీ, అది చర్మాన్ని ఆశ్రయించి ఉంటుందనీ, అందువలన అభ్యంగనం హితమనీ చరకుని మాట. శిరస్సుకు, చెవులకు, పాదాలకు విశేషంగా చేయాలని వాగ్భటుడు చెప్పాడు. రాత్రి పడుకొనే ముందు గోరువెచ్చని నువ్వులనూనెతో అరికాళ్ళు మర్దించండి. అజీర్ణం ఉన్ననాడు మానండి. సంస్కృతంలో నూనెకూ ప్రేమకూ 'స్నేహం' అన్న ఒకే మాట ఉండడం ఆ సమయంలో గుర్తుకు రాక మానదు.

అయితే ఒక హెచ్చరిక. నిద్ర, ఆకలి పూర్తిగా చెడినా, దుఃఖం రెండు వారాలైనా వీడకున్నా, చదువు, ఉద్యోగం సాగకున్నా, బ్రతుకుపై విరక్తి మాటలు వినిపించినా దానిని స్వభావమని సరిపెట్టుకొనరాదు. వెంటనే మానసిక వైద్యుని సంప్రదించాలి. నూనె మర్దన ఆ చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు.

మీ ఇంట అటువంటి బిడ్డ ఉంటే "ఎందుకిలా ఉన్నావు?" అని నిలదీయకండి. "ఏది ఎక్కువైంది నాన్నా?" అని అడగండి. నేను ఆ ప్రశ్న అడగడానికి చాలా సంవత్సరాలు పట్టింది. మీరు అంత ఆలస్యం చేయకూడదని నా కోరిక.