మూతకో చిల్లు

మా నాన్నగారు నాకు మూడు బాధ్యతలు ఒప్పజెప్పి వెళ్లారు: మా అమ్మ, పెరట్లో రెండు కొబ్బరిచెట్లు, 1968 నాటి అంబాసిడర్ కారు. మొదటి రెండింటితోనూ నాకెన్నడూ పేచీ లేదు. వచ్చిన చిక్కల్లా కారుతోనే. ఉత్తరపారాలో ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది గనుక, అది ఒక్కసారి దగ్గితే నాకు గుండెదడ.

మొన్న వేసవిలో అమ్మ సింహాచలం వెళ్లాలంది. ఆవిడకు 86 ఏళ్లు. టాక్సీ పిలుస్తానంటే, "మీ నాన్న బండిలోనే వస్తాను" అని కూర్చుంది. సరే, బయల్దేరాం. విశాఖపట్నం వీధులన్నీ దాటి బుద్ధిగా వచ్చిన బండి, కొండదారి సగం ఎక్కేసరికి రెండుసార్లు ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయింది. పావుగంట ఆగితే కదిలింది. మరో మలుపులో మళ్లీ ఆగింది. ఈసారి బ్రేకు పట్టేలోగా అరగజం వెనక్కి జారింది. వెనక బస్సువాడు హారను. మా అమ్మ కొబ్బరికాయ గుండెలకు హత్తుకుని కళ్లు మూసుకుంది. ఒక్కమాట అనలేదు. అనకపోవడమే నాకు శిక్షయింది. దర్శనం లేకుండానే వెనక్కి వచ్చేశాం. బండి అమ్మేద్దామని ఆ రాత్రే అనుకున్నాను.

అనుకున్నానే గాని మనసొప్పలేదు. కార్బురేటరు విప్పాను. మేడమీద నీళ్లతొట్టిలో బంతి తేలి నీటిని ఆపుతుంది చూశారూ, ఇందులోనూ అంతే. చిన్న తొట్టి, అందులో తేలే బుర్ర, దాని మీద సూది. తొట్టి నిండితే సూది దారి మూస్తుంది. ఇంజను పీల్చే గాలి ఇరుకు గొంతులోంచి పోయేటప్పుడు వేగం పెరిగి, ఒత్తిడి తగ్గుతుంది. అక్కడికి జెట్టు అనే సన్నని బెజ్జంలోంచి పెట్రోలు చిమ్ముతుంది. ఇరుకులో ఒత్తిడి తగ్గే ఈ సంగతిని ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంచురీ 1797లోనే రాశాడు. తూకంలో పెట్రోలు ఒక వంతుకి గాలి ఇంచుమించు 15 వంతులుండాలి.

మూడు ఆదివారాలు ఆ జెట్లు ఊదాను, కడిగాను, సూది మార్చాను. పప్పులో కూడా పెట్రోలు వాసనే వస్తోందని మా ఆవిడ మూతి ముడిచింది. బండి మాత్రం ఎత్తు కనబడితే చాలు, ఆగిపోయేది.

చివరికి నాన్నగారి నాటి మేస్త్రీని పిలిచాను. ఆయన బానెట్టు జోలికే పోలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఎత్తురోడ్డుకి పోనిచ్చాడు. బండి ఆగింది. ఆయన తాపీగా దిగి, వెనక్కి వెళ్లి, పెట్రోలు ట్యాంకు మూత తిప్పాడు. 'ఉస్స్' మని గాలి లోపలికి పోయింది. మళ్లీ వచ్చి తాళం తిప్పితే, కాసేపటికే బండి అందుకుంది!

"ఈ తాళం మూత ఎప్పుడు పెట్టించారు బాబూ?" అన్నాడు.

నా ముఖం మాడిపోయింది. పెట్రోలు ఎవరైనా దొంగిలిస్తారేమోనని రెండు నెలల కిందట నేనే కొన్నాను. మా పాతమూతకి సన్నని చిల్లుండేది. దీనికి లేదు. పెట్రోలు బయటికి పోతున్నకొద్దీ, ఆ చోటులోకి గాలి రావాలి. రాకపోతే పంపు ఎంత లాగినా పెట్రోలు కదలదు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజనుకి పెట్రోలు ఎక్కువ కావాలి గనుక రోగం అక్కడ బయటపడింది.

ఇంటికొచ్చి ఇదంతా అమ్మకు వివరించబోయాను. "నూనె డబ్బాకి రెండు చిల్లులు పెట్టాలని చిన్నప్పుడే చెప్పాను కదురా!" అంది.

అంచేత పాతబండి ఉన్నవారికి నా మనవి. పెట్రోలు అందకపోతే ముందే కార్బురేటరు మీద పడకండి. అది వరసలో ఆఖరుది. ట్యాంకు మూత, గొట్టాలు, ఫిల్టరు, పంపు చూశాకనే దాని దగ్గరకు రండి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు గొట్టాలకు అది పడదు, పగుళ్లుంటే మార్చేయండి. ఇంజను చల్లారాకే చెయ్యి పెట్టండి. నిప్పూ, చుట్టా దరిదాపులకు రానివ్వకండి. మూత తీసేసి మాత్రం నడపకండి. చిల్లున్న సరైన మూతే పెట్టించండి.

పాతమూత సొరుగులోనే దొరికింది. మర్నాడే మళ్లీ సింహాచలం వెళ్లాం. బండి ఎక్కడా ఆగలేదు. కొండ దిగుతుంటే వెనకసీట్లోంచి అమ్మ నవ్వింది.

"మీ నాన్నా ఇంతేరా. బండి ఆగితే చాలు, ముందు ఆ కార్బురేటరే విప్పేవారు."