రంగస్థల గాయనికి రక్షణ కావలెను

ఐరోపాఖండమునందలి ఒపెరా యను గేయనాటకమున స్త్రీకంఠములలో అత్యున్నతస్థాయిని పలుకు గాయనిని సొప్రానో యందురు. ధ్వనివర్ధకముల తోడు లేకయే, అనేకవాద్యములు ఏకకాలమున మ్రోగుచుండ, వాని నతిక్రమించి కడపటి వరుసలోని శ్రోతకు సైతము తన గానమును వినిపించుట యామె విద్య. ఆ విద్య నేర్పుటకు సంగీతకళాశాలలును, నేర్చినవారిని పోషించుటకు నాటకశాలలును అచ్చట కలవు. అట్టి కంఠములు మనకును కలిగెను. వానిని నిలుపు వ్యవస్థయే కలుగలేదు.

1885లో కడపసీమలోని సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు ప్రదర్శించిన కీచకవధతో సురభి సమాజము వెలసెను. రోమునగరమున మతాధిపతుల యాజ్ఞచే పదునెనిమిదవ శతాబ్ది చివరివరకును స్త్రీలకు రంగప్రవేశము నిషిద్ధమై యుండినట్లే, మన నాటకములందును పురుషులే స్త్రీవేషములు ధరించుచుండిన దినములలో, సురభివారు తమ యింటి స్త్రీలనే రంగమెక్కించిరి. ఆ వంశమున 1907లో జన్మించినది కమలాబాయి. నాటకము నడుచుచుండగనే తల్లి యామెను ప్రసవించెనని ప్రసిద్ధి. నేపథ్యగానము లేని టాకీల తొలినాళ్లలో నటించువారే పాడవలసి యుండుటచేత చలనచిత్రమునకు రంగస్థలకంఠమే శరణ్యమయ్యెను, కావుననే హెచ్.ఎం.రెడ్డిగారి దర్శకత్వమున 1932లో విడుదలయైన తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాదలో లీలావతి పాత్ర యామెకు లభించెను. పిమ్మట నేపథ్యగానము ప్రబలి కంఠమును నటనను వేరుచేయగా, పాడి నటించు స్త్రీకి చిత్రసీమలో చోటు సన్నగిల్లెను. 1951 నాటి పాతాళభైరవిలో కమలాబాయి తోటరాముని తల్లిగా కనిపించెను, 1971లో కన్నుమూసెను.

ఈ చరిత్ర పావగడ తాలూకావారికి పరాయిది కాదు. మూడు దిక్కుల ఆంధ్రసీమ యావరించిన ఈ కన్నడరాజ్యభాగమున ఎన్నో యిండ్ల మాట తెలుగు, బడిచదువు కన్నడము. సురభికి ఒక యేడు ముందు, 1884లో, ఈ తుమకూరు జిల్లాలోనే గుబ్బి నాటకసంఘము పుట్టెను, బి.జయమ్మవంటి గాయనీమణి ఆ సంఘపు రంగముననే వాసికెక్కెను. నేటికిని ఇచ్చటి పల్లెలలో హార్మోనియం మేష్టరు పద్యములు నేర్పగా రైతులు కురుక్షేత్రాది నాటకములాడుదురు. స్త్రీపాత్రలకు మాత్రము వృత్తినటీమణులను పైయూళ్లనుండి పిలిపింతురు. తెల్లవార్లు తారస్థాయిలో పాడిన యా తల్లికి ఆ రాత్రి కూలియే సర్వస్వము. కంఠము బొంగురుపోయిననాడు ఆమెకు దిక్కు లేదు, ఆమె విద్యకు శిష్యురాలును లేదు.

పాడగల బాలికలకు తాలూకా కేంద్రమున పద్యగానమును ఉభయభాషలందును ఉచితముగా నేర్పవలెను; వృద్ధగాయనుల గానమును వారుండగనే ధ్వనిముద్రణము చేసి, వారికి నెలనెల గౌరవభృతి నీయవలెను. పొలిమేరకు ఆవలివారు ఈవలివారని వాదులాడక ఉభయరాష్ట్రముల సాంస్కృతికశాఖలు ఈ భారమును కలిసి వహింపవలెను. కళాకారిణిని ముదిమిలో విస్మరించు సమాజమునకు ఆమె యౌవనగానమును శ్లాఘించు అర్హత లేదు.